సస్టైనబుల్ యానిమల్ అగ్రికల్చర్‌లో పీజీ: మెథేన్ ల్యాబా, ఎల్‌సీఏ మోడలింగా?

గడ్డిపోచ
వెటర్నరీ డిగ్రీ అయిపోవచ్చింది, పశుపోషణని పర్యావరణం వైపు నుంచి చదవాలని గట్టిగా ఉంది, రెండు చోట్ల సీటు వచ్చేలా ఉంది. ఒకటి యానిమల్ న్యూట్రిషన్ ల్యాబ్, దాణాలో కలిపే పదార్థాలతో ఆవుల మెథేన్ తగ్గించే పని. రెండోది లైఫ్ సైకిల్ అసెస్‌మెంట్ (ఎల్‌సీఏ, అంటే మేత పండించడం నుంచి పాలు చేతికొచ్చేదాకా మొత్తం ఉద్గారాల లెక్క) చేసే గ్రూపు, మొత్తం కంప్యూటర్ మీదే, రెండేళ్లలో పశువుని ముట్టుకునేది లేదు. రెండు బ్రోచర్లూ పక్కపక్కన పెట్టుకుని చదివా, ఒకేలా ఉన్నాయి, ప్రతి పేరాలో సస్టైనబిలిటీ, క్లైమేట్ స్మార్ట్, సర్క్యులర్, కానీ పొద్దున్నే ల్యాబుకెళ్లి నేను చేసే పనేంటో దేంట్లోనూ రాయలేదు. వచ్చే వారం రెండో ఇంటర్వ్యూ. "ఆవుకి ఎంత మెథేన్ అన్నది తగ్గిస్తావా, లీటరు పాలకి ఎంత అన్నది తగ్గిస్తావా, ఆలోచించుకుని రా" అన్నారు ఒక ప్రొఫెసర్. అప్పట్నుంచీ అదే తిరుగుతోంది బుర్రలో. ఈ ఫీల్డులో ఉన్నోళ్లు కాస్త చెప్పండి.

మూడోపొట్ట
కళ్లు మూసుకుని న్యూట్రిషన్‌కి వెళ్లిపో తమ్ముడూ. రూమెన్‌లో, అంటే ఆవు మొదటి పెద్ద పొట్టలో, ఏం జరుగుతుందో తెలీకుండా మెథేన్ మీద ఉపన్యాసాలిచ్చేవాళ్లు ఎక్కువైపోయారు. మేత పులిసేటప్పుడు హైడ్రోజన్ పుడుతుంది, అది పేరుకుపోతే పులియడమే మందగిస్తుంది, ఆర్కియా అనే సూక్ష్మజీవులు దాన్ని కార్బన్ డయాక్సైడ్‌తో కలిపి మెథేన్ చేసి వదిలించేస్తాయి. తిన్న శక్తిలో 2 నుంచి 12 శాతం దాకా ఇలా గాలికి పోతుంది. అంటే మెథేన్ ఆపడం సగం పనే, ఆగిన హైడ్రోజన్ ఎటు పోవాలన్నది మిగతా సగం, ప్రొపియోనేట్ అనే ఆమ్లం వైపు మళ్లితే పశువుకి శక్తి, ఊరికే హైడ్రోజన్‌గానే బయటికొచ్చేస్తే పశువుకి ఒరిగేదేం లేదు. 3-ఎన్‌ఓపీ అని దాణాలో కలిపే మందు ఒకటుంది, మెథేన్ తయారయ్యే ఆఖరి మెట్టులో ఎంజైముని అడ్డుకుంటుంది, పాడి ఆవుల్లో సగటున 30 శాతం దరిదాపుల్లో తగ్గిస్తుంది, యూరప్‌లో 2022లో అనుమతి వచ్చింది, అమెరికాలో ఎఫ్‌డీఏ 2024లో సరేనంది. ఆవుల్ని రెస్పిరేషన్ ఛాంబర్ అనే మూసిన గదిలో పెట్టి, పీల్చే గాలీ వదిలే గాలీ కొలిచి, ఏళ్ల తరబడి కూర్చుంటే వచ్చిన ఫలితం అది. కంప్యూటర్ తర్వాతైనా నేర్చుకోవచ్చు.

పాలపుంత
ఇంకా చాలామంది ఆ గ్యాసు వెనకనుంచి వస్తుందనుకుంటారు, మెథేన్ దాదాపు అంతా త్రేన్పుల్లోనే, నోటి వైపే వస్తుంది. మా క్లాసులో ఈ మాట చెప్పిన రోజు మా సార్‌కి పాఠం మొత్తం మీద అప్పుడే చప్పట్లు పడ్డాయి.

లెక్కలమాస్టారు
@మూడోపొట్ట ఛాంబర్లో మీకు కనపడేది ఆవు ఒక్కటే. ఆ మేత పండించడానికి వేసిన ఎరువులోంచి నైట్రస్ ఆక్సైడ్ వచ్చింది, వేడి పెంచడంలో వందేళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కన్నా 273 రెట్లు, అది ఛాంబర్లో ఉండదు. సోయా కోసం ఎక్కడో అడవి పోయుంటే అదీ ఉండదు. పేడ గుంట ఉండదు. ఆవు పాలివ్వడానికి ముందు పెయ్యగా పెరిగిన రెండేళ్లు ఉండవు. ఆ సంకలిత పదార్థాన్ని ఫ్యాక్టరీలో తయారుచేసినప్పుడు అయిన ఉద్గారాలు కూడా ఉండవు. ఇవన్నీ కలిపితేనే మీ 30 శాతం మొత్తం పాల కార్బన్ పాదముద్రలో ఎంత అయిందో తెలుస్తుంది, అప్పుడది 30 ఉండదు.

ఇంకోటి, ఈ రంగంలో అంకెలు ఎలా పుడతాయో తెలిస్తేనే వాటిని నమ్మాలో వద్దో తెలుస్తుంది. 2013లో ఎఫ్‌ఏఓ (ఐరాస ఆహార, వ్యవసాయ సంస్థ) ప్రపంచ ఉద్గారాల్లో పశుపోషణ వాటా 14.5 శాతం అంది, 2023లో దాదాపు 12 అంది. పేపర్లో చూసినవాడు "ఓహో తగ్గిపోయింది" అనుకుంటాడు. మొదటిది 2005 ఏడాది డేటా, రెండోది 2015ది, పద్ధతులూ గుణకాలూ మారాయి, మొత్తం ఉద్గారాల హారమూ మారింది. రెంటినీ ఒకదాని కింద ఒకటి రాసి తీసివేత చెయ్యకూడదు. ఇది ఛాంబర్ నేర్పదు.

మూడోపొట్ట
మాస్టారూ, మీ మోడల్లో "తిన్న శక్తిలో 6.5 శాతం మెథేన్" అని ఒక గుణకం ఉంటుంది కదా, 2006 ఐపీసీసీ (ఐరాస వాతావరణ శాస్త్ర బృందం) మార్గదర్శకాల్లోంచి తెచ్చుకున్నది. అది ఆకాశంలోంచి ఊడిపడలేదు, మాలాంటోళ్లు ఆవులతో కొలిచిందే. కొలిచేవాళ్లు ఆగిపోతే మీరు పాత గుణకాలతోనే కొత్త పేపర్లు రాస్తుంటారు. నైరోబీలో ఐఎల్‌ఆర్‌ఐ అనే అంతర్జాతీయ పశు పరిశోధన సంస్థ వాళ్ల మజింగిరా సెంటర్ పెట్టిందే అందుకు, ఆఫ్రికా పశువులకి వేరే ఖండాల గుణకాలు వాడుతున్నారని. అక్కడ పేడా మూత్రం మీద కొలిస్తే నైట్రస్ ఆక్సైడ్ ఐపీసీసీ డిఫాల్ట్ గుణకం కన్నా చాలా తక్కువ తేలింది.

లెక్కలమాస్టారు
అది ఒప్పుకుంటా. ఆ డేటా వాడుకునేది మేమే.

గడ్డిపోచ
తమ్ముడు కాదన్నా, చెల్లెల్ని 🙂 మీ ఇద్దరి మాటలూ చదివాక ఇంకా ఎక్కువ అయోమయంగా ఉంది, కానీ మంచి అయోమయమే.

కోడిపుంజు88
ఎప్పుడు చూసినా ఆవులు, మెథేన్. సస్టైనబిలిటీ అంటే కార్బన్ ఒక్కటేనా? కోళ్లూ పందులూ మెథేన్ పెద్దగా వదలవు, కానీ మేత మొత్తం పొలంలోంచి కొనుక్కొచ్చేదే, పైగా షెడ్డులో అమోనియా, యాంటీబయాటిక్స్. స్వీడన్ 1986లోనే ఎదుగుదల కోసం యాంటీబయాటిక్స్ వాడడం ఆపేసింది, యూరోపియన్ యూనియన్ 2006లో పూర్తిగా ఆపింది, ఆ తర్వాత గట్ హెల్త్ మీద ఎంత పరిశోధన పుట్టిందో చూడండి. నా థీసిస్ నెమ్మదిగా పెరిగే బ్రాయిలర్ జాతుల మీద. కాళ్ల నొప్పులు తక్కువ, చురుగ్గా తిరుగుతాయి, కోడికి బతుకు బాగుంటుంది, కానీ ఎక్కువ రోజులు బతకాలి కాబట్టి కిలో మాంసానికి మేత ఎక్కువ పడుతుంది, పాదముద్ర పెరుగుతుంది. ఇప్పుడు చెప్పండి ఏది సస్టైనబుల్? దీనికి ఎల్‌సీఏ జవాబివ్వలేదు, ఛాంబరూ ఇవ్వలేదు. కోడి బాధని కిలోగ్రాముల్లోకి మార్చే గుణకం ఎవరి దగ్గరా లేదు. నువ్వు చేరే డిపార్టుమెంటులో ఈ గొడవ గట్టిగా జరుగుతోందా లేదా అన్నది చూసుకో, అందరూ ఒకే మాట మీద ఉన్న చోట చదువు సాగదు.

పచ్చికబయలు
మేపుకునే పశువుల్ని ఎవరూ తల్చుకోలేదు కాబట్టి నేను తల్చుకుంటా. ఛాంబర్లో పెట్టలేం, మందు రోజూ దాణాలో కలపలేం ఎందుకంటే దాణానే పెట్టం. ప్రపంచంలో పశువులు చాలా భాగం బయట మేసేవే, మరి పరిశోధన అంతా కొట్టంలో కట్టేసిన వాటి మీద. బయట కొలవాలంటే ఎస్‌ఎఫ్6 పద్ధతి ఉంది, రూమెన్‌లో ఆ గ్యాసు కొద్దికొద్దిగా వదిలే చిన్న గొట్టం వేసి, ఊపిరి పట్టుకోడానికి మెడకి డబ్బా కడతారు, లేకపోతే గ్రీన్‌ఫీడ్ అనే యంత్రం, పశువు గుళికల కోసం తల పెడితే ఆ కొన్ని నిమిషాల ఊపిరి కొలుస్తుంది, తల పెట్టని పశువు డేటాలోనే ఉండదు. కష్టం, కానీ అసలు ఖాళీ ఉన్నది ఇక్కడే. నేలలో కార్బన్, చెట్లూ గడ్డీ కలిపిన సిల్వోపాస్చర్, పక్షులూ పురుగులూ, ఇవన్నీ ఒక్క మెథేన్ అంకె కింద నలిగిపోతున్నాయి.

లెక్కలమాస్టారు
@పచ్చికబయలు కొలత కష్టం అన్నదాంతో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తా, నేల కార్బన్ దగ్గర మాత్రం జాగ్రత్త. నేల ఎల్లకాలం మింగదు, కొన్ని దశాబ్దాలకి సమతౌల్యానికి వచ్చేస్తుంది, మళ్లీ దున్నితే పోతుంది, ఆవు మాత్రం ప్రతి ఏడూ మెథేన్ వదుల్తూనే ఉంటుంది. పైపై పదిహేను సెంటీమీటర్లు తవ్వి, బల్క్ డెన్సిటీ (మట్టి ఎంత గట్టిపడి ఉందో) కొలవకుండా "కార్బన్ పెరిగింది" అనే పేపర్లు చూసి విసుగొచ్చేసింది.

పచ్చికబయలు
అదీ నిజమే. అందుకే రెండేళ్ల పీజీలో నేల కార్బన్ మార్పు చూపిస్తా అని ఎవరైనా ప్రాజెక్టు ఇస్తే తీసుకోవద్దంటా. ఆ కోరిక ఉంటే ఎప్పట్నుంచో నడుస్తున్న ప్రయోగంలో చేరాలి, ఇంగ్లండులో రోథమ్‌స్టెడ్ వాళ్ల పార్క్ గ్రాస్ ప్రయోగం 1856 నుంచి నడుస్తోంది, వాళ్లదే నార్త్ వైక్‌లో మేత భూముల మీద ఫామ్ ప్లాట్‌ఫామ్ ఉంది. అలాంటి చోట మన రెండేళ్లు పెద్ద దండలో ఒక పువ్వు.

పేడబండి
నా పని స్లర్రీ (పేడా మూత్రం కలిసిన చిక్కటి ద్రవం) మీద, ఎవరికీ ఇష్టముండదు కాబట్టి పోటీ తక్కువ 😄 కానీ చదువుకోడానికి ఇంతకన్నా మంచి పాఠం లేదు. నీళ్లతో కలిపి గుంటలో నిల్వ చేస్తే గాలి ఆడదు, మెథేన్ వస్తుంది. గట్టిగా కుప్ప పోస్తే మెథేన్ తగ్గుతుంది, నైట్రస్ ఆక్సైడ్ రావచ్చు. గుంట మీద మూత వేస్తే అమోనియా లోపల ఉండిపోతుంది, బాగుంది కదా అనుకుంటే అదే స్లర్రీని పొలంలో పైపైన చల్లితే ఆ దాచిన నైట్రోజన్ కాస్తా అక్కడ ఎగిరిపోతుంది. మూతకి పెట్టిన డబ్బులు దండగ. నేలలోపలికి దింపితే అమోనియా మిగులుతుంది, కానీ తడి నేలైతే నైట్రస్ ఆక్సైడ్ పెరగొచ్చు. ఒకచోట నొక్కితే ఇంకోచోట ఉబ్బుద్ది. బయోగ్యాస్ డైజెస్టర్ పెట్టి గ్యాస్ తీసుకున్నా నైట్రోజన్ ఎక్కడికీ పోదు, అలాగే మిగులుతుంది. నెదర్లాండ్స్‌లో 2019లో కోర్టు తీర్పుతో పర్మిట్లు ఆగిపోయి అంత గొడవైంది కార్బన్ గురించి కాదు, నైట్రోజన్ గురించే. కాబట్టి చెల్లెమ్మా, ఏ ల్యాబుకెళ్లినా మేతలో ప్రొటీన్ ఎంత, పాలలోకి ఎంత పోయింది, మూత్రంలోకి ఎంత, పేడలోకి ఎంత, ఈ నైట్రోజన్ పద్దు రాయడం నేర్చుకో.

జన్యువు
బ్రీడింగ్ ఊసే లేదేంటి? మందు పెట్టడం ఆపితే మెథేన్ మళ్లీ మొదటికొస్తుంది, జన్యువుల్లో తెచ్చిన మార్పు తరతరానికీ కూడుతూ పోతుంది, మేసే పశువులకీ పనిచేస్తుంది. న్యూజిలాండ్‌లో తక్కువ మెథేన్ గొర్రెలూ ఎక్కువ మెథేన్ గొర్రెలూ అని వేరు చేసి పెంచితే మూడు తరాల్లో 10 శాతం పైనే తేడా వచ్చింది. కెనడాలో పాడి రికార్డులు చూసే లాక్టానెట్ సంస్థ 2023 నుంచి హోల్‌స్టీన్ ఆవులకి మెథేన్ ఎఫిషియెన్సీ విలువలు ఇస్తోంది, పాల శాంపిల్ మీద ఇన్‌ఫ్రారెడ్ వేసి అంచనా కడతారు. స్టాటిస్టిక్స్ ఇష్టమైతే యూరప్‌లో కొన్ని యూనివర్సిటీలు కలిసి నడిపే యానిమల్ బ్రీడింగ్ అండ్ జెనెటిక్స్ కోర్సు ఉంది చూడు.

మూడోపొట్ట
@జన్యువు నెమ్మది కదా అక్కా, తరాలు పడుతుంది.

జన్యువు
నెమ్మదే. అందుకే ఇవాళే మొదలెట్టాలి.

ఆదివారం_డ్యూటీ
పైన అందరూ సైన్స్ చెప్పారు, నేను కొట్టం సంగతి చెప్తా. నేను చేరిన చోట వెబ్‌సైట్ నిండా ఆవుల ఫొటోలు, తీరా వెళ్తే ప్రయోగాలకి ఇచ్చే పశువులు గుప్పెడు, వాటికోసం నలుగురు విద్యార్థులు వరసలో. ఎథిక్స్ కమిటీ అనుమతికి నెలలు పట్టింది, ఈలోగా ఆవులు ఈనేశాయి, పాలిచ్చే దశ మారిపోయింది, ప్రయోగం మళ్లీ డిజైన్ చేయాల్సొచ్చింది, స్కాలర్‌షిప్ గడువు మాత్రం మారలేదు. కాబట్టి ఇంటర్వ్యూలో వాళ్లే నిన్ను అడగడం కాదు, నువ్వూ అడుగు. నా ప్రయోగానికి అనుమతి ఇప్పటికే ఉందా? ఎన్ని పశువులు, ఏ నెలల్లో? ఒక్కో పశువు తిన్నది విడిగా కొలిచే ఏర్పాటుందా? సెలవు రోజుల్లో మేత ఎవరేస్తారు? డబ్బు దాణా కంపెనీదైతే, ఫలితం వాళ్లకి నచ్చకపోయినా ప్రచురించుకునే హక్కు కాగితం మీద ఉందా? ఈ ఆఖరిది అడగడానికి మొహమాటపడకు. మంచి గైడ్ అయితే అడిగినందుకు సంతోషిస్తారు. ఇంకా, ఆ ల్యాబులో ప్రస్తుతం చదువుతున్నవాళ్లతో గైడ్ లేకుండా ఒకసారి మాట్లాడు, బ్రోచర్లో లేని ఆ పని ఏంటో అక్కడ తెలుస్తుంది.

పాలపుంత
@ఆదివారం_డ్యూటీ మీ పేరు చూస్తేనే అర్థమైపోయింది మేతెవరేశారో.

రెండోజీతం
ఉద్యోగాల సంగతి కూడా చూసుకోవాలి కదా. దాణా కంపెనీలు, డెయిరీల సస్టైనబిలిటీ విభాగాలు, కార్బన్ లెక్కలు తనిఖీ చేసే కన్సల్టింగ్ సంస్థలు, ప్రభుత్వాల ఉద్గారాల ఇన్వెంటరీ పని, ఇవీ నేను చూసిన దారులు. దేశాలు టైర్ 1 నుంచి టైర్ 2కి మారుతున్నాయి, అంటే తలకింత అని గుండుగుత్తగా కాకుండా పశువు బరువు, పాలు, మేత నాణ్యత బట్టి లెక్కకట్టడం, ఆ పని చేసేవాళ్లకి పశువూ తెలియాలి లెక్కా తెలియాలి. నాకు మా టీములో కష్టమయ్యేది ఏంటంటే, సాఫ్ట్‌వేర్ బ్రహ్మాండంగా వచ్చినవాళ్లు రోజుకి నలభై కిలోల డ్రై మ్యాటర్ (తేమ తీసేసిన మేత బరువు) తిన్న ఆవుని చూసి కూడా కనుబొమ్మ ఎగరెయ్యరు. వెటర్నరీ చదివినవాళ్లు ఠక్కున పట్టేస్తారు. నీకున్న ఆ బలం వదులుకోకు. ఆర్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్, మిక్స్‌డ్ మోడల్స్ ఎలాగైనా నేర్చుకో, ఓపెన్ఎల్‌సీఏ సాఫ్ట్‌వేర్ ఉచితమే, ఇంట్లో కూర్చుని మొదలెట్టొచ్చు.

ఒక్కమాట
అసలు అందరూ పాలూ మాంసం మానేస్తే ఈ చదువే అక్కర్లేదు కదా?

కోడిపుంజు88
ఈ ప్రశ్న రాకుండా ఇన్ని పోస్టులు నడిచినందుకే ఆశ్చర్యపోతున్నా.

పచ్చికబయలు
@ఒక్కమాట మంచి ప్రశ్నే, కొట్టిపారెయ్యను. ఎఫ్‌ఏఓ వాళ్ల 2017 లెక్క ప్రకారం పశువులు తినే మేతలో 86 శాతం, డ్రై మ్యాటర్ లెక్కన, మనిషి తినలేనిది, గడ్డి, పంట వ్యర్థాలు, నూనె తీసిన చెక్క లాంటివి. కానీ అక్కడితో పశువులు గెలిచినట్టు కాదు, ఆ గడ్డి పెరిగే నేలల్లో కొన్నిచోట్ల మనిషికి పంట వెయ్యొచ్చు. నెదర్లాండ్స్‌లోని వాగెనింగన్ యూనివర్సిటీలో ఒక బృందం ప్రశ్నని తిరగేసి అడిగింది, మనిషి తినగలిగేది ఏదీ పశువుకి పెట్టకుండా, మిగిలిపోయినవీ గడ్డీ మాత్రమే పెడితే ఎంత వస్తుంది అని. తలకి రోజుకి 9 నుంచి 23 గ్రాముల జంతు ప్రొటీన్ దాకా వస్తుందని 2018లో ప్రచురించారు. అంటే సున్నా కాదు, ధనిక దేశాల్లో ఇప్పుడు తింటున్నంతా కాదు. ఆ మధ్యలో ఎక్కడ నిలబడాలన్నదే మా చదువు. పశువులు తగ్గినా ఉన్నవాటిని ఎలా పెంచాలో ఎవరో ఒకరికి తెలియాలి.

ఒక్కమాట
ఈ జవాబు నచ్చింది. ఆ పేపర్ వెతుక్కుంటా.

గడ్డిపోచ
అందరికీ చాలా చాలా థ్యాంక్స్. ఆ ప్రొఫెసర్ ప్రశ్న మాత్రం ఇంకా అలాగే ఉంది, ఆవుకా, లీటరుకా? @లెక్కలమాస్టారు మీరు చెప్పండి.

లెక్కలమాస్టారు
ఊరికే ఒక లెక్క వేసుకుందాం. ఒక ఆవు రోజుకి 10 లీటర్లిస్తూ 300 గ్రాముల మెథేన్ వదులుతుందనుకో, లీటరుకి 30 గ్రాములు. ఇంకో ఆవు బాగా మేసి 30 లీటర్లిస్తూ 450 వదిలింది, లీటరుకి 15. ఆవు లెక్కన చూస్తే రెండోది దోషి, పాల లెక్కన చూస్తే సగానికి తగ్గించిన మహాతల్లి. మరి వాతావరణానికి ఏది? అది ఆవుల సంఖ్య మీద ఉంటుంది. అవే 30 లీటర్లకి మూడు ఆవుల బదులు ఒకటే ఉంచితే 900 నుంచి 450కి దిగింది, నిజంగా తగ్గినట్టు. అలాకాకుండా లాభం బాగుందని మూడు ఆవుల్నీ 30 లీటర్ల స్థాయికి తెస్తే 1350, లీటరు లెక్క అందంగా ఉంటుంది, గాలిలో మాత్రం పెరిగింది. దీనికి తోడు పాలలో వెన్న, ప్రొటీన్ తేడా ఉంటుంది కాబట్టి సరిచేసిన పాలకి మార్చాలి, ఆ ఆవు ఎన్ని ఈతలు బతికింది, దూడలూ ముసలి ఆవూ మాంసానికి వెళ్తే ఉద్గారాల్లో ఎంత వాటా దానికి రాయాలి, ఇవీ ఉన్నాయి.

ఇక మెథేన్ గాల్లో ఉండేది సుమారు 12 ఏళ్లు. వేడి పెంచడంలో వందేళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కన్నా 27 రెట్లు, ఇరవై ఏళ్ల లెక్కలో 80కి దగ్గర. జీడబ్ల్యూపీ స్టార్ అనే పద్ధతి మెథేన్ పెరుగుతోందా తగ్గుతోందా అన్నదాన్ని చూస్తుంది, దాంతో మంద పెంచుకోని పాత పశుపోషక దేశాలు మంచిగా కనపడతాయి, ఇప్పుడిప్పుడే పశువుల్ని పెంచుకుంటున్న పేద దేశాలు చెడ్డగా కనపడతాయి. అందుకే ఏ పద్ధతి వాడావో, ఎందుకో చెప్పకుండా అంకె చెప్పకూడదు. ఇంటర్వ్యూలో "ముందు మంద సంఖ్య ఏమవుతుందో చెప్పండి సార్, అప్పుడు నా జవాబు చెప్తా" అను. నేనైతే అలాంటి విద్యార్థిని వదులుకోను.

మూడోపొట్ట
నేను ఒకటి కలుపుతా. తిన్న ప్రతి కిలో డ్రై మ్యాటర్‌కి ఎంత మెథేన్ అన్నది కూడా చెప్పు. కొన్ని పదార్థాలు కలిపితే రుచి నచ్చక ఆవు మేత తగ్గించేస్తుంది, మెథేన్ తగ్గిందని మనం పండగ చేసుకుంటాం, అసలు తిండే తగ్గింది. ఆస్పరగోప్సిస్ సముద్రపు నాచు మీద 2021లో వచ్చిన, మాంసం కోసం పెంచే గొడ్ల ప్రయోగంలో మెథేన్ 80 శాతం పైన తగ్గింది, కానీ మేత కూడా తగ్గింది. అక్కడ బరువు పెరుగుదల దెబ్బతినలేదు కాబట్టి సరే, పాల ఆవులో అలా కుదరకపోవచ్చు.

గడ్డిపోచ
ఇంటర్వ్యూ అయింది. మంద సంఖ్య అడిగాను, ఆ మాట మీదే చాలాసేపు నడిచింది. ఆదివారం అక్క చెప్పినవన్నీ అడిగా. న్యూట్రిషన్ ల్యాబులో అనుమతి వచ్చేసి ఉంది, తిన్నది విడిగా కొలిచే తొట్లు ఉన్నాయి, ప్రచురణ హక్కు కాగితం చూపించారు. ఎల్‌సీఏ గ్రూపు వాళ్లు చాలా మంచివాళ్లు, కానీ నా రెండేళ్లూ వేరేవాళ్ల పాత డేటాబేసుతోనే అని తేలింది. న్యూట్రిషన్‌కే ఓకే చెప్పేశా. మాస్టారు ఏమంటారో అని భయంగా ఉంది.

లెక్కలమాస్టారు
నా వోటు ఇప్పటికీ అటే, అయినా సంతోషం. ఒక్కటి చెయ్యి, ప్రయోగం మొదటి రోజు నుంచే దాణాలో ప్రతి సరుకూ ఎక్కడినుంచి వచ్చిందో, ఎంత కలిపారో రాసిపెట్టు, మిగిలిన మేత తూకం, పేడలో నైట్రోజన్, పాలలో వెన్న ప్రొటీన్, ఆవు ఈత సంఖ్య. చాలా థీసిసుల్లో ఇవి ఉండవు, మేము మెయిలు పెడితే "కొలవలేదు" అని వస్తుంది. ఇవి ఉంటే ఎల్‌సీఏ నేనే నేర్పిస్తా.

ఆదివారం_డ్యూటీ
గమ్ బూట్లు సొంతవి కొనుక్కో, ల్యాబువి నీ సైజు ఎప్పుడూ దొరకవు.

గడ్డిపోచ
@మూడోపొట్ట అన్నా ఆఖరిది ఒకటి, నాకు నాలుగు ఆవుల లాటిన్ స్క్వేర్ ఇచ్చారు, నాలుగు దాణాలు, నాలుగు పీరియడ్లు, ఒక్కోటి మూడు వారాలు. సరిపోతుందా?

మూడోపొట్ట
తక్కువ ఆవులతో పని కావాలంటే అదే దారి, ప్రతి ఆవూ అన్ని దాణాలూ తింటుంది కాబట్టి ఆవుకీ ఆవుకీ ఉన్న తేడా పక్కకి పోతుంది. మొదటి రెండు వారాలు అలవాటుకి వదిలి మూడో వారంలో కొలుస్తారు. చూసుకోవాల్సింది క్యారీఓవర్, ముందు పీరియడ్లో పెట్టిన దాని ప్రభావం తర్వాతి దాంట్లోకి రాకూడదు, మధ్యలో ఖాళీ రోజులు అడుగు. ఇంకోటి, మూడు వారాల్లో తగ్గింది పాలిచ్చే కాలమంతా తగ్గే ఉంటుందా, సూక్ష్మజీవులు అలవాటు పడిపోతాయా అన్నది ఈ డిజైన్ చెప్పదు. థీసిస్‌లో ఆ ముక్క రాయి, మీ గైడ్ దగ్గర పెద్ద మంద ఉంటే రెండో ప్రయోగం రాండమైజ్డ్ బ్లాక్ డిజైన్‌లో (ఒక్కో ఆవుకీ మొదటినుంచి చివరిదాకా ఒకే దాణా), పన్నెండు వారాలైనా, పెట్టమని ఇప్పుడే అడుగు, కొట్టం క్యాలెండర్ నిండిపోకముందే.